థీమ్ పార్కుల్లో బయటి కంపెనీల పేర్లు: ఎక్కడిదాకా ఓకే, ఎక్కడ చిరాకు?

క్యూలో_శాశ్వతం

నాకొక డౌటు. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో 2023లో ట్రాన్ సినిమా పేరుతో రోలర్ కోస్టర్ ఓపెన్ చేశారు కదా, దాని పేరు చివర "ప్రెజెంటెడ్ బై ఎంటర్‌ప్రైజ్" అని తగిలించారు. ఎంటర్‌ప్రైజ్ అంటే కార్లు అద్దెకిచ్చే కంపెనీ. కంప్యూటర్ లోపల లైట్లు మెరిసే బైకుల మీద రేసుకీ అద్దె కార్లకీ ఏం సంబంధం అసలు? షాంఘైలో ఇదే రైడు 2016లో మొదలైనప్పుడు షెవర్లే స్పాన్సర్ చేసింది, అక్కడైనా బండికి బండి కాబట్టి గుడ్డిలో మెల్ల అనుకోవచ్చు. అంత పోసి టికెట్ కొని లోపలికెళ్ళేదే బయటి గోల మర్చిపోదామని, అక్కడ కూడా కంపెనీ బోర్డే ఎదురొస్తే ఎలా? పార్కులు మరీ కమర్షియల్ అయిపోయాయి అనిపిస్తోంది. మీరేమంటారు?

పాత_మ్యాపు

"అయిపోయాయి" అనకండి, పుట్టడమే అలా పుట్టాయి. 1955 జులై 17న డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు మెయిన్ స్ట్రీట్‌లో ఏముండేదో తెలుసా? బ్యాంక్ ఆఫ్ అమెరికా బ్రాంచి, బొమ్మ బ్యాంకు కాదు నిజం బ్యాంకే, 1993 దాకా నడిచింది. కార్నేషన్ వాళ్ళ ఐస్‌క్రీమ్ పార్లరు, అప్‌జాన్ వాళ్ళ మందుల షాపు, కోడాక్ కెమెరా షాపు. పార్కు చుట్టూ తిరిగే రైలు పేరే శాంటా ఫే అండ్ డిస్నీల్యాండ్ రైల్‌రోడ్. చంద్రుడి మీదికి తీసుకెళ్ళే రాకెట్టు టీడబ్ల్యూఏ విమానాల కంపెనీది, పిల్లలు కార్లు నడిపే ఆటోపియా రిచ్‌ఫీల్డ్ ఆయిల్ కంపెనీది. భవిష్యత్తు చూపించే టుమారోల్యాండ్ ఏరియా అయితే కట్టడానికి డబ్బూ టైమూ రెండూ చాలక ఖాళీగా వదల్లేక మాన్సాంటో వాళ్ళ కెమిస్ట్రీ హాలు, కైజర్ వాళ్ళ అల్యూమినియం హాలు పెట్టి నింపేశారు, ఆ తర్వాతి ఏడాది క్రేన్ కంపెనీ వచ్చి "రేపటి బాత్రూమ్" కూడా పెట్టింది!

ఇదంతా ఎందుకంటే పార్కుకి అయిన ఖర్చు దాదాపు 1.7 కోట్ల డాలర్లు, వాల్ట్ డిస్నీ దగ్గర అంత లేదు. ఏబీసీ టీవీ వాళ్ళు 5 లక్షలు పెట్టి, ఇంకో 45 లక్షల అప్పుకి హామీ ఉండి, మూడో వంతు పైచిలుకు వాటా పట్టుకున్నారు, బదులుగా డిస్నీయే ఏబీసీకి టీవీ షో చేసిపెట్టాలి. ఆ వాటా వెనక్కి కొనుక్కోవడానికి 1960లో 75 లక్షలు ఇవ్వాల్సొచ్చింది. కాబట్టి బయటివాళ్ళ డబ్బు లేకపోతే మనం ఇక్కడ కొట్టుకోవడానికి ఆ పార్కే ఉండేది కాదు.

కోస్టర్_కుర్రాడు

బాత్రూమ్ చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళా 😂😂

పాత_మ్యాపు

బాత్రూమ్ నయం తమ్ముడూ. మెయిన్ స్ట్రీట్‌లో హాలీవుడ్-మ్యాక్స్‌వెల్ కంపెనీ లోదుస్తుల షాపు ఒకటుండేది, లోపల "విజర్డ్ ఆఫ్ బ్రాస్" అని మాట్లాడే బొమ్మ, అది వచ్చినవాళ్ళకి లోదుస్తుల చరిత్ర చెప్పేది. నిజంగా. కొన్ని నెలలకే మూసేశారు, ముందున్న వసారా మాత్రం అలాగే మిగిలింది.

కోస్టర్_కుర్రాడు

ఇంక నేను ఏ స్పాన్సర్ గురించీ కంప్లైంట్ చెయ్యను, లెంపలేసుకుంటున్నా 🙏

క్యూలో_శాశ్వతం

పాత మ్యాపు గారూ, మీరు చెప్పింది కాదనను, కానీ అప్పుడు చేతిలో డబ్బు లేదు కాబట్టి తెచ్చుకున్నారు. ఇప్పుడు డిస్నీకి ఏం తక్కువ? ట్రాన్ రైడు ఎంటర్‌ప్రైజ్ డబ్బు లేకపోతే ఆగిపోయేదా? కట్టడం దాదాపు పూర్తయ్యాక వచ్చి పేరు తగిలించుకున్నారు, అంతేగా.

ఎప్కాట్_పిచ్చి

ఇక్కడే అసలు తేడా ఉంది. కట్టడానికి డబ్బిచ్చిన స్పాన్సరు వేరు, కట్టేశాక స్టిక్కరు అంటించే స్పాన్సరు వేరు. మొదటి రకం ఫ్లోరిడాలోనే ఉన్న ఇంకో డిస్నీ పార్కు ఎప్కాట్‌లో చూడాలి. 1982 అక్టోబర్ 1న తెరిచినప్పుడు ముందు భాగం మొత్తం కంపెనీల మధ్య పంచేసినట్టే. ముందున్న పెద్ద గోళం బెల్ సిస్టమ్ ఫోన్ కంపెనీకి, తర్వాత ఏటీ అండ్ టీకి. ఎనర్జీ పెవిలియన్ (ఒక్కో విషయానికి ఒక్కో పెద్ద హాలు, దాన్నే పెవిలియన్ అంటారు) ఎక్సాన్ పెట్రోలు కంపెనీకి. బండ్ల చరిత్ర చెప్పే వరల్డ్ ఆఫ్ మోషన్ జనరల్ మోటార్స్‌కి. పంటల గురించి చెప్పే ల్యాండ్ పెవిలియన్ క్రాఫ్ట్ ఫుడ్ కంపెనీకి, ఇమాజినేషన్ పెవిలియన్ కోడాక్‌కి. ఏడాది తర్వాత హొరైజన్స్ వచ్చింది, అది జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ).

హొరైజన్స్ గురించి తెలియనివాళ్ళకి: భవిష్యత్తులో మనుషులు ఎడారిలో, సముద్రం అడుగున, అంతరిక్షంలో ఎలా బతుకుతారో చూపించే నెమ్మదైన రైడు. ఎడారి పొలం దగ్గరికి రాగానే నారింజ పళ్ళ వాసన ముక్కుకి కొట్టేది. చివర్లో ఎలా ఇంటికెళ్ళాలో మీరే బటన్ నొక్కి ఎంచుకోవాలి, ఆ బండిలో ఎక్కువమంది దేనికి ఓటేస్తే ఆ సీను వేసేవాళ్ళు. 80ల్లో అది! ఒక కరెంటు బల్బుల కంపెనీ జేబులోంచి డబ్బు తీస్తే వచ్చింది అది, ఏ సినిమా బొమ్మా లేదు అందులో.

1993లో జీఈ కాంట్రాక్టు అయిపోయింది, రెన్యూ చేసుకోలేదు. 1994 చివర్లో మూసేశారు. పక్కన ఎనర్జీ, మోషన్ రెండూ రిపేర్లకి మూసి ఉన్నాయని జనానికి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలని మళ్ళీ తెరిచారు, ఆ అవసరం తీరాక 1999 జనవరి 9న శాశ్వతంగా మూసి, కూల్చేశారు. ఆ జాగాలో 2003లో మిషన్ స్పేస్ వచ్చింది, దానికెవరు స్పాన్సరో చూడండి: కంప్యూటర్ల కంపెనీ, మొదట కాంపాక్, అది హెచ్‌పీలో కలిసిపోయాక హెచ్‌పీ. అర్థమైందిగా? రైడు బాగుందా లేదా అనేది కాదు లెక్క, చెక్కు వస్తోందా లేదా అనేదే లెక్క.

మార్కెటింగ్_మామ

ఎప్కాట్ గారి బాధ నాకర్థమైంది గానీ కంపెనీ వైపు నుంచి కూడా చెప్తా, ఇలాంటి ఒప్పందాల చుట్టూ పని చేసిన అనుభవం కొంచెం ఉంది (పార్కులు కాదు, స్టేడియాలు).

ఊరికే ఎవడూ పైసా విదల్చడు. ఇలాంటి ఒప్పందం సాధారణంగా ఏళ్ళ తరబడి ఉంటుంది, పదేళ్ళు అనేది వీటిలో మామూలు మాట. బదులుగా ఏం వస్తుంది? గేటు మీద పేరు అనేది బయటికి కనిపించే ముక్క. కనిపించనిది చాలా ఉంటుంది. ఎప్కాట్ పెవిలియన్లలో చాలావాటికి పైన స్పాన్సరు లాంజ్ ఉండేది, కంపెనీ వాళ్ళు తమ పెద్ద కస్టమర్లని తీసుకొచ్చి ఏసీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి క్యూ లేకుండా రైడు ఎక్కించేవాళ్ళు. ఉద్యోగులకి డిస్కౌంట్లు. "ఈ పార్కులో మా రకం సరుకు ఇంకెవడూ అమ్మకూడదు" అనే షరతు, కూల్ డ్రింకుల వాళ్ళు దీనికోసమే ప్రాణం పెడతారు. ఇంకోటి, పార్కు వాళ్ళు కూడా స్పాన్సరు దగ్గరే సరుకు కొంటారు. 1975లో ఫ్లోరిడా స్పేస్ మౌంటెన్‌కి ఆర్‌సీఏ కోటి డాలర్లు ఇచ్చింది, ఊరికే కాదు, డిస్నీ వరల్డ్ ఎలక్ట్రానిక్స్ పనులు కూడా ఆర్‌సీఏకే వెళ్ళాయి.

మరెందుకు వెళ్ళిపోతారంటే, సంతకం పెట్టిన పెద్దమనిషి రిటైర్ అవుతాడు, కొత్తాయన వచ్చి "దీనివల్ల మనకి ఎన్ని అమ్ముడుపోయాయి" అని అడుగుతాడు, దానికి జవాబు ఎవడి దగ్గరా ఉండదు. అంతే, కథ కంచికి. ఎప్కాట్‌లోనే మెట్‌లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ 2001లో వెళ్ళిపోయాక వండర్స్ ఆఫ్ లైఫ్ పెవిలియన్ కొన్నాళ్ళు రద్దీ రోజుల్లో మాత్రం తెరిచి 2007లో పూర్తిగా మూసేశారు. ఏటీ అండ్ టీ 2003లో వెళ్ళింది, గోళానికి 2005లో సీమెన్స్ దొరికింది, అదీ 2017లో వెళ్ళిపోయింది. గోళాన్ని కూల్చలేరు కాబట్టి అది బతికింది, హొరైజన్స్‌కి ఆ అదృష్టం లేదు.

కథలో_మునక

డబ్బు లెక్కలు సరే, లోపల ఉన్న మనిషికి ఎలా ఉంటుందో చూడండి. యూనివర్సల్ పార్కులో హ్యారీ పాటర్ కథలోని హాగ్స్‌మీడ్ వీధి 2010లో వచ్చింది, అక్కడ కోక్ దొరకదు. మిగతా పార్కంతా కోక్ మెషీన్లే, ఆ వీధిలో మాత్రం బటర్‌బీరు, గుమ్మడికాయ జ్యూసు, నీళ్ళ సీసాకి కూడా కథలోని పేరే. ఆ ఒక్క పట్టుదల వల్ల ఆ వీధి అలా నిలిచింది. పైగా నష్టం ఏమన్నా వచ్చిందా? బటర్‌బీరు కోసం జనం లైన్లు కడుతున్నారు. లేని బ్రాండు ఉన్న బ్రాండు కంటే ఎక్కువ సంపాదించిపెట్టింది.

కోస్టర్_కుర్రాడు

దానికి డిస్నీ జవాబు స్టార్ వార్స్ ల్యాండ్‌లో కోక్ బాంబులు 😂 2019లో తెరిచినప్పుడు గుండ్రటి సీసాలో కోక్ పోసి, పేరు ఆ గెలాక్సీ అక్షరాల్లో రాసి అమ్మారు. చూడ్డానికి అచ్చం గ్రెనేడ్. విమానాశ్రయం సెక్యూరిటీ వాళ్ళు మొదట అసలు తీసుకురావొద్దన్నారు, గోల గోల అయ్యాక మెత్తబడ్డారు.

కథలో_మునక

ఆ సీసా నాకు నచ్చింది నిజం చెప్పాలంటే. కోక్ ఉండక తప్పదు అనుకున్నప్పుడు, కోకే వచ్చి ఆ లోకం వేషం వేసుకుంది. లోకం కోక్ వేషం వేసుకోలేదు. నాకు కావాల్సింది అంతే. ఖర్చు పెట్టినంత మాత్రాన పెళ్ళిపీటల మీద కూర్చుంటానంటే ఎలా, పందిట్లో ఎక్కడో కూర్చోమను.

ఇదే లెక్కన స్టార్‌బక్స్ కూడా. 2013లో మెయిన్ స్ట్రీట్ బేకరీలోకి వచ్చినప్పుడు ఎంత గొడవ చేశారు ఫ్యాన్స్! తీరా చూస్తే పాతకాలం డ్రెస్సులో డిస్నీ వాళ్ళే సర్వ్ చేస్తారు, షాపు ముఖం పాత వీధిలో కలిసిపోయింది. ఇప్పుడు పొద్దున్నే గేట్లు తీయగానే అక్కడే పెద్ద లైను, అందులో ఆ గొడవ చేసినవాళ్ళు కూడా ఉంటారని నా గట్టి నమ్మకం.

పాత_మ్యాపు

మెక్‌డొనాల్డ్స్‌తో కూడా 90ల చివర్లో పదేళ్ళ ఒప్పందం నడిచింది, యానిమల్ కింగ్‌డమ్‌లో డైనోసార్ల ఏరియా వాళ్ళ స్పాన్సరే, పార్కుల్లో అక్కడక్కడా వాళ్ళ ఫ్రైస్ బండ్లు. అది పోయినప్పుడు ఎవరూ ఏడవలేదు... ఫ్రైస్ కోసం కొంతమంది ఏడ్చారనుకోండి.

తిండి దగ్గర ఇంకోటి. డిస్నీల్యాండ్‌లో ఫ్రిటో కంపెనీ వాళ్ళ కాసా డి ఫ్రిటోస్ అని ఒక రెస్టారెంట్ ఉండేది. పాడైపోయే టోర్టియాలని పారెయ్యకుండా ముక్కలు చేసి వేయించి మసాలా చల్లి అమ్మితే జనం ఎగబడ్డారు, కంపెనీ వాళ్ళు అది చూసి 1966లో దేశమంతా వదిలారు. అదే డోరిటోస్. స్పాన్సర్ వల్ల పార్కుకి లాభం అంటాం గానీ ఇక్కడ పార్కు వల్లే కంపెనీకి జాక్‌పాట్ తగిలింది.

ఇద్దరు_పిల్లల_అమ్మ

అందరూ డిస్నీ చుట్టే తిరుగుతున్నారు, పిల్లలు పెద్దవాళ్ళ ఉద్యోగాలు చేస్తూ ఆడుకునే కిడ్జేనియా సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1999లో మెక్సికో సిటీలో మొదలై చాలా దేశాలకి పాకింది. అక్కడ స్పాన్సరు పక్కన ఉండే బోర్డు కాదు, స్పాన్సరే ఆట. లోపలికెళ్ళగానే పిల్లల చేతికి చెక్కు ఇస్తారు, దాన్ని బ్యాంకుకెళ్ళి కిడ్జోలుగా, అంటే అక్కడి ఆట డబ్బుగా, మార్చుకోవాలి, ఆ బ్యాంకు నిజమైన బ్యాంకు పేరుతో ఉంటుంది. తర్వాత పిజ్జా చెయ్యాలంటే నిజమైన పిజ్జా కంపెనీ టోపీ, ఏప్రన్ వేసుకుని చెయ్యాలి, విమానం నడపాలంటే ఫలానా ఎయిర్‌లైన్ యూనిఫాం. నాలుగేళ్ళ పిల్లకి అది ప్రకటన అని ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్ళకి బోర్డు కనిపిస్తే "ఆ, యాడ్" అని పక్కకి తోసేసే తెలివి ఉంటుంది. పిల్లలకి ఆ కంపెనీ అంటే తను ఒకరోజు ఉద్యోగం చేసిన చోటు, దాని మీద ప్రేమ పుడుతుంది. నాకు ట్రాన్ మీద ఎంటర్‌ప్రైజ్ పేరు కంటే ఇది వంద రెట్లు ఇబ్బంది.

మార్కెటింగ్_మామ

అమ్మగారూ, ఒక మాట. పిల్లలు నిజమైన ఊరు ఎలా ఉంటుందో చూడాలనుకుంటే నిజమైన ఊళ్ళో కంపెనీల పేర్లు ఉంటాయి కదా. "ఏబీసీ బ్యాంక్" అని కల్పిత పేరు పెడితే పిల్లలే నవ్వుతారు. కిడ్జేనియా వాదన కూడా ఇదే.

ఇద్దరు_పిల్లల_అమ్మ

నిజమైన ఊళ్ళో ఒక వీధిలో నాలుగు బ్యాంకులుంటాయి మామయ్యా, అక్కడ ఒక్కటే ఉంటుంది, ఎవడు డబ్బు కట్టాడో వాడిది. మీరే చెప్పారుగా పైన, మా రకం సరుకు ఇంకెవడూ అమ్మకూడదు అనే షరతు ఉంటుందని. అది ఊరెలా అవుతుంది?

మార్కెటింగ్_మామ

😄 నా మాట నాకే అప్పజెప్పారు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పాత_మ్యాపు

పెద్దవాళ్ళకి మాత్రం తెలుస్తుందనేముంది అమ్మగారూ. మాన్సాంటో వాళ్ళు 1957లో డిస్నీల్యాండ్‌లో ప్లాస్టిక్ ఇల్లు కట్టారు, హౌస్ ఆఫ్ ది ఫ్యూచర్. మైక్రోవేవ్ లాంటివి చూపించి, రేపంతా ప్లాస్టిక్కే అని జనంతో ఒప్పించడమే దాని పని. 1967లో కూల్చబోతే ఇనప గుండు గోడకి తగిలి వెనక్కి ఎగిరొచ్చింది, ఒక్కరోజులో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది. ప్లాస్టిక్ గట్టితనానికి అంతకంటే పెద్ద యాడ్ ఏముంది, పాపం అది షూట్ చేసుకోలేదు వాళ్ళు. తర్వాత అదే కంపెనీ పెద్ద మైక్రోస్కోపులోంచి అణువు లోపలికి తీసుకెళ్ళే రైడు కట్టింది, 1985 దాకా నడిచింది, మొదటి కొన్నేళ్ళు దానికి టికెట్ కూపనే అవసరం లేదు, ఫ్రీ. ఫ్రీగా ఎందుకు ఎక్కిస్తున్నారో ఎక్కినవాళ్ళలో ఎంతమంది ఆలోచించి ఉంటారు?

ఎక్సాన్ డబ్బుతో ఎనర్జీ పాఠం అంటే కూడా అంతే. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టారు నిజమే, పాఠం మాత్రం నూనె అమ్మేవాడి నోటి నుంచి.

సిల్వర్_స్టార్

యూరప్ నుంచి కూడా రెండు ముక్కలు. జర్మనీలోని యూరోపా-పార్క్‌లో సిల్వర్ స్టార్ కోస్టర్ (2002, 73 మీటర్లు) మెర్సిడెజ్-బెంజ్ స్పాన్సర్, పేరే వాళ్ళ గుర్తుని తలపిస్తుంది, క్యూ దారిలో రేసు కార్లు పెట్టారు. నాకైతే హాయిగా ఉంటుంది, గంటసేపు గోడ చూసే బదులు కారు చూడొచ్చు. అదే పార్కులో 2009లో వచ్చిన బ్లూ ఫైర్‌కి గాజ్‌ప్రోమ్ స్పాన్సర్, రష్యా గ్యాస్ కంపెనీ కాబట్టి నీలి మంట, థీమ్ కూడా బాగానే కుదిరింది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే ఆ బంధం తెంచేసుకున్నారు. కోస్టర్ అదే, పట్టాలు అవే, పేరు పక్కన ఉన్న మాట మాత్రం రాత్రికి రాత్రి తలనొప్పి అయిపోయింది. స్పాన్సర్‌ని ఎంచుకునేటప్పుడు పదేళ్ళ తర్వాత వాడి పేరు ఎలా మోగుతుందో ఎవడు ఊహించగలడు?

ఇంగ్లండ్‌లో చెసింగ్టన్ పార్కుది మాత్రం చెడగొట్టిన కేసు. ప్రొఫెసర్ బర్ప్స్ బబుల్‌వర్క్స్ అని కూల్ డ్రింక్ ఫ్యాక్టరీ కథతో సరదా రైడు ఉండేది, 1990 నాటిది. 2006లో ఇంపీరియల్ లెదర్ సబ్బు కంపెనీ వచ్చింది, ప్రొఫెసర్ మాయం, కథ మాయం, బాత్‌టబ్బులూ బాతు బొమ్మలూ మిగిలాయి. అక్కడి ఫ్యాన్స్ ఇప్పటికీ తిట్టుకుంటారు.

మోడరేటర్

యుద్ధం టాపిక్ ఇక్కడితో ఆపుదాం, పార్కుల మీదే ఉండండి. రెండు పోస్టులు తీసేశాను.

కోస్టర్_కుర్రాడు

మరి ఫెరారీ వరల్డ్? అబూ ధాబీలో పార్కు మొత్తం ఒకే బ్రాండు, ఫార్ములా రోసా గంటకి 240 కిలోమీటర్లు. దాన్ని ఎవరూ తిట్టరేంటి?

సిల్వర్_స్టార్

అది స్పాన్సర్ కాదు బ్రో, అది పేరులోనే ఉంది, తెలిసే వెళ్తాం. హెర్షీపార్క్ కూడా అంతే, 1906లో చాక్లెట్ ఫ్యాక్టరీ ఉద్యోగుల కోసం మొదలైంది. టాంపాలో బుష్ గార్డెన్స్ 1959లో బీరు ఫ్యాక్టరీ పక్కన తోటగా మొదలైంది, ఫ్యాక్టరీ చూసి ఫ్రీ బీరు తాగి చిలకల్ని చూసేవాళ్ళు. మోసం లేదు అందులో.

ఎప్కాట్_పిచ్చి

మొదటి పోస్టుకి వస్తా. క్యూలో శాశ్వతం గారు బయటి బోర్డులు పోతే పార్కు శుభ్రంగా ఉంటుంది అనుకుంటున్నారు. ఎప్కాట్‌లో అవి పోయాయి, ఏమొచ్చాయో చూడండి. సముద్రం పెవిలియన్ స్పాన్సరు యునైటెడ్ టెక్నాలజీస్ 1998లో వెళ్ళిపోయింది, తర్వాత సినిమాలోని నీమో చేప వచ్చింది. ఎక్సాన్ ఎప్పుడో వెళ్ళిపోయింది, ఆ బిల్డింగు 2017లో మూసి 2022లో గార్డియన్స్ సినిమా కోస్టర్ తెరిచారు. నార్వే పెవిలియన్‌లో పడవ రైడు 2016లో ఫ్రోజెన్ సినిమా రైడు అయిపోయింది. అవి మంచి రైడ్లు కాదనట్లేదు, గార్డియన్స్ అయితే అదిరిపోద్ది. కానీ ఇప్పుడు స్పాన్సరు ఎవరు? డిస్నీ సినిమా విభాగం. మనం ఎక్కేది యాడే, టికెట్ కొనుక్కుని మరీ. తేడా ఏంటంటే బయటి కంపెనీ తన సరుకు అమ్ముకోవడానికైనా కాస్త లోకం గురించి ఏదో చెప్పేది, కరెంటు, నూనె, ఫోను, పంటలు. సినిమా తన గురించి మాత్రమే చెప్పుకుంటుంది.

కథలో_మునక

నూనె కంపెనీ చెప్పే పాఠం కంటే చేప నయం కాదా మరి?

ఎప్కాట్_పిచ్చి

చేప పాఠం చెప్పదుగా అసలు.

క్యూలో_శాశ్వతం

ఇది నేను ఆలోచించని కోణం. అయితే 2025 జులైలో ఎప్కాట్‌లో మళ్ళీ తెరిచిన కార్ల రైడు టెస్ట్ ట్రాక్ మీ లెక్కలో ఎక్కడ? జనరల్ మోటార్స్ 1982 నుంచి అక్కడే ఉంది, వదల్లేదు.

మార్కెటింగ్_మామ

వదలదు, ఎందుకంటే ఆ రైడు దిగగానే షోరూమ్ లోకి తోస్తుంది, కొత్త కార్లలో కూర్చుని తలుపులు వేసి చూడొచ్చు. "ఎన్ని అమ్ముడుపోయాయి" అని కొత్త పెద్దమనిషి అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉంది అక్కడ. జీఈ పాపం హొరైజన్స్ చివర్లో ఫ్రిజ్ అమ్మలేకపోయింది.

ఎప్కాట్_పిచ్చి

ఫ్రిజ్ అమ్మినా సరే నేను కొనేవాడిని అండి, రైడు ఉంచి ఉంటే.